ఆఖరి ప్రశ్న తోపుది

కూర్చోండి తల్లీ, సర్దుకుని కూర్చోండి నాయనా. వెనకవాళ్లకి వినబడుతోందా? వినబడకపోతే ముందుకు జరగండి, చోటుంది. భగవంతుడు నోరు ఇచ్చినప్పుడు దానికి రెండు పెదాలు తలుపుల్లా బిగించాడు. చెవికి మాత్రం తలుపు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఆ కొండమీది నరసింహుడికే ఎరుక. ఆయన పనిలో వంక వెతకడానికి మనమెవరం? ఆ నోటి తలుపులు బార్లా తీసి పెట్టుకున్నవాళ్ల కథ ఒకటుంది, చెబుతాను. మొదట్లో కాస్త నవ్వొస్తుంది, నవ్వండి. తర్వాత రాదు.

ఎర్రగుట్ట అడుగున ఒక తాటితోపు. ఆ ఏడు వానల్లేవు. వాగు ఇసుకయింది, మడుగు బురదయింది, బురద ఎండి పెంకయింది. నెమళ్లు ఆకాశం చూడటం మానేశాయి. తోపులో మాత్రం కాస్త తడి మిగిలింది. కల్లు గీసే మనిషి పొద్దున్నే వచ్చి, చెట్లెక్కి, నిండిన లొట్టికుండలు దించుకుని, ఖాళీ లొట్లు కట్టి పోయేవాడు. పగలంతా వాటిలో కల్లు ఊరేది. కాకులు ముక్కుతో పొడిచి లొట్టి ఒరగబెడితే చుక్కా చుక్కా కిందికి రాలి ఒక రాతి గుంటలో పడేది. సాయంత్రానికి గుంట అడుగు తడిసేది. తియ్యగా ఉండనీ పుల్లగా ఉండనీ, ఆ అడవికి నాలుక తడుపుకోడానికి మిగిలింది అదొక్కటే.

అందరూ ఒకేసారి మూతి పెడితే ఎవరికీ దక్కదు. బలమున్నవాడు ముందు తాగితే బలం లేనివాడు చస్తాడు. మరి ఎవరు ముందు?

దారి చూపించినవాడు నక్క పానకాలు.

"కండ ఉన్నవాడు కాదు, తెలివి ఉన్నవాడు ముందు తాగాలి," అన్నాడు. "రోజూ పొద్దు వాలే వేళకి నేను ఈ బండ మీద కూర్చుని ప్రశ్నలు అడుగుతాను. సరిగ్గా జవాబు చెప్పినవాళ్లది మొదటి గుక్క. ఇందులో పెద్దా చిన్నా లేదు."

చిన్నవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? చీమ నుంచి దుప్పి దాకా సరేనన్నాయి.

పానకాలుకి చదువెక్కడిదంటారా? ఊళ్లో బడి కిటికీ కింద నీడకని పడుకునేవాడు. కల్లు దుకాణం వెనక ఎముకలు ఏరుకుంటూ రేడియో వినేవాడు. పాఠం కిటికీ దాటి వచ్చి వాడి చెవిలో పడింది, బుద్ధి మాత్రం బడి లోపలే ఉండిపోయింది.

తోపుకి తగువుపెద్ద ఎలుగుబంటి పోతరాజు. కల్లంటే ఆయనకి ప్రాణం, న్యాయమన్నా అంతే. ఏది ముందో ఆయనకీ తెలియదు. ఆయన ఒక్క కట్టుబాటు పెట్టాడు. ప్రశ్నలన్నీ అయిపోయాక ఆఖరి ప్రశ్న తోపుది. తోపులో ఎవరైనా సరే పానకాలుని ఒక ప్రశ్న అడగొచ్చు. వాడు జవాబు చెప్పలేకపోయినా, చెప్పనన్నా, బండ దిగాలి. దిగినవాడు మళ్లీ తోపులో కాలు పెట్టకూడదు.

"అడుగుతూ కూర్చోవడం సుఖమే పానకాలూ," అన్నాడు పోతరాజు. "అడిగించుకోవడం కూడా తెలియాలి."

"నాకు తెలియనిది ఈ అడవిలో పుట్టలేదు పెద్దయ్యా," అన్నాడు పానకాలు. గొప్పకి కాదు, నిజంగానే అలా అనుకునేవాడు.

మొదట్లో ఎంత సరదాగా గడిచిందో చెబితే మీరూ అక్కడ ఉండి ఉంటే బాగుండునంటారు. ఒంటె మూపురంలో ఏముంటుందని అడిగాడు పానకాలు. దాహం వేస్తున్న నోళ్లు కదా, అందరూ ఒక్కసారే నీళ్లన్నారు. కాదు, కొవ్వు అన్నాడు వాడు. ఆ జవాబుకి తోపంతా దిగులు పడింది. సముద్రంలో ఎనిమిది చేతుల జీవి ఒకటుంది, దానికి గుండెలు ఎన్నని అడిగాడు. మూడని ఎవరూ చెప్పలేకపోయారు. కుందేలు చెంచయ్య మాత్రం, అందులో ఒకటి నాకిప్పిస్తే బాగుండు మామా, నాకున్న ఒక్కటీ పొద్దస్తమానం దడదడలాడి అరిగిపోయింది అన్నాడు. పోతరాజు నవ్వి నవ్వి వెల్లకిలా పడ్డాడు. పాలిచ్చే జీవుల్లో ఎగిరేదెవరంటే చెట్టుకి తలకిందులుగా వేలాడుతున్న గబ్బిలం, నేనే కదా అని సిగ్గుపడుతూ చెప్పి గుక్క తాగి పోయింది.

తరవాత ప్రశ్నలు మెల్లగా దగ్గరికొచ్చాయి. సముద్రాల నుంచి, ఎడారుల నుంచి నడిచి నడిచి, ఎర్రగుట్ట కిందికి వచ్చాయి. ఎవరూ గమనించలేదు. తెలిసిన ప్రశ్న వస్తే సంతోషమే కదా ఎవరికైనా.

"నేల మీద గుడ్లు పెట్టే పిట్ట, శత్రువు వస్తే గుడ్లని ఎలా కాపాడుకుంటుంది?" అని అడిగాడు పానకాలు ఒక సాయంత్రం.

తీతువు చిట్టమ్మ ఎగిరి గంతేసింది. జన్మలో మొదటిసారి తనకి తెలిసిన ప్రశ్న. రెక్క విరిగినట్టు నటిస్తాను, కుంటుకుంటూ పోతాను, వాడు నన్ను పట్టుకోవచ్చని వెంటపడతాడు, అలా దూరంగా తీసుకుపోయి లేచిపోతాను అని చెప్పింది. ఊరుకోకుండా రెక్క వాల్చి గుంట చుట్టూ కుంటి చూపించింది కూడా. అందరూ భలే అన్నారు.

"అయితే నువ్వు ఎటు కుంటితే దానికి ఎదురు దిక్కున గుడ్లు ఉన్నట్టేగా చిట్టమ్మా?" అన్నాడు పానకాలు మెచ్చుకుంటూ.

"మరే," అంది చిట్టమ్మ, కల్లు గుక్క గొంతులో ఉండగానే.

వారం తిరక్కముందే చిట్టమ్మ గుడ్లు పోయాయి. తీతువు అరిస్తే అపశకునమని మనుషులు తిట్టుకుంటారు చూడండి. ఆ పూట అది అరిచిన అరుపు వినుంటే తిట్టడానికి నోరొచ్చేది కాదు.

మరో సాయంత్రం పానకాలు, కళ్లు తెరుచుకుని నిద్రపోయేవాడు నిజంగా నిద్రపోతున్నాడో లేదో ఎలా తెలుస్తుందని అడిగాడు. చెంచయ్య చెవులు నిక్కబొడుచుకుని, కళ్లు చూడకూడదు మామా, ముక్కు చూడాలి, మెలకువలో ఉంటే ముక్కు ఆడుతుంది, నిద్రలో ఆడదు అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం చెంచయ్య తమ్ముడు కళ్లు తెరుచుకుని నిద్రపోయాడు, మళ్లీ లేవలేదు. పొద మొదట్లో కాస్త బొచ్చు దొరికింది.

చెంచయ్య ఏడ్చాడు. ఏడ్చి సాయంత్రానికి మళ్లీ తోపుకి వచ్చాడు. దాహం అలాంటిది. దాహమే కాదు, నలుగురిలో తెలిసినవాడు అనిపించుకునే రుచి కూడా అలాంటిదే తల్లీ. కల్లుకన్నా చెడ్డది.

ఇప్పుడు మీకొక సంగతి చెప్పాలి. తోపుకి పడమటి పక్క దట్టంగా రేగుకంప. గాలి ఆ రోజుల్లో ఎప్పుడూ తోపు మీదుగా కంపలోకే వీచేది. కంపలో ఉన్నవాళ్లకి తోపు మాట వినిపిస్తుంది, వాళ్ల వాసన తోపుకి తెలియదు. ఆ కంపలో రోజూ పొద్దు వాలే వేళకి ఒక చిరుత వచ్చి పడుకునేది.

దాని గుహ గుట్ట పైన. మాఘమాసంలో రెండు పిల్లల్ని ఈనింది. ఎవరికీ చూపించలేదు, గుహ దరిదాపులకి ఎవరినీ రానివ్వలేదు. ఒకనాడు వేటకి పోయి వచ్చేసరికి గుహ ఖాళీ. గుండె పగిలి కూర్చున్నదాని దగ్గరికి పరామర్శకి వెళ్లిన మొదటివాడు మన పానకాలే. ఇది దుమ్ములగొండి పని దొరసానీ, వాడి మూతికి నెత్తురు నా కళ్లారా చూశాను అని కన్నీళ్లు పెట్టుకున్నాడు. దుమ్ములగొండి నేనెరగనని చచ్చేదాకా ఒట్లు వేస్తూనే ఉంది. ఎముకలు కొరికేదాని ఒట్టు ఎవరు నమ్ముతారు? చిరుత నమ్మలేదు, చంపేసింది.

ఆనాటి నుంచి పానకాలు చిరుతకి దగ్గరివాడయ్యాడు. తోపులోకి దూకి దొరికినవాణ్ణి పట్టెయ్యకుండా ఇదంతా ఎందుకని చిరుత అడిగితే వాడు చెప్పిన మాట ఇది.

"ఇవాళ ఒకణ్ణి పడితే రేపు తోపుకి ఎవరూ రారు దొరసానీ. పడుకుని వినండి. ఎవరి ప్రాణం ఎక్కడుందో వాళ్లే చెబుతారు, పైగా చప్పట్లు కొట్టించుకుని చెబుతారు."

చిరుత తిన్నాక మిగిలింది వాడిది. అదీ ఏర్పాటు.

లేడి నాంచారి మొదట్లో తోపుకి వచ్చేది కాదు. కొత్తగా ఈనింది, కవలలు. పాలు ఇవ్వాలంటే తల్లికి తడి కావాలి కదా. ఆకుల మీద మంచు నాకి ఎన్నాళ్లు నెట్టుకొస్తుంది? పొదుగు ఎండుతుంటే వచ్చింది. గుంపు చివర నిలబడింది. పానకాలు దాన్ని చూడగానే, "రా చెల్లెమ్మా, ముందుకి రా, బాలింతవి," అని దారి ఇప్పించాడు. అంత ఆప్యాయంగా పిలిచినవాళ్లు ఈ మధ్య లేరు దానికి.

ఆ సాయంత్రం ప్రశ్న దానికోసమే పుట్టినట్టుంది.

"లేడిపిల్ల పుట్టిన కొత్తలో ఎంత ముక్కున్న జంతువు పక్కనుంచి పోయినా పసిగట్టలేదు. ఎందుకని?"

ఎవరూ చెప్పలేదు. నాంచారి నాలుక తడారిపోయి ఉంది. గుంటలో తడి మెరుస్తోంది.

"వాసన ఉండదు," అంది. "పుట్టగానే నాకి శుభ్రం చేస్తాం. గడ్డిలో పడుకోబెట్టి మేము దూరంగా వెళ్లిపోతాం. మా వాసన దానికి అంటకూడదని. కవలలైతే ఇద్దర్నీ ఒకచోట పెట్టం, వాగుకి ఆ పక్కొకటి ఈ పక్కొకటి. అవి కదలవు, మెదలవు. పక్కన పిడుగు పడ్డా లేవవు."

"భేష్," అన్నాడు పానకాలు. "కానీ చెల్లెమ్మా, సగమే చెప్పావు. పిడుగు పడ్డా లేవని పిల్ల, పాలకి ఎలా లేస్తుంది?"

"మేము పిలుస్తాం. ఆ పిలుపుకి తప్ప దేనికీ లేవదు."

"ఎలా పిలుస్తారో వినిపిస్తే రెండు గుక్కలు."

నాంచారి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో దాని నోటి తలుపు మూసుకుపోయుంటే ఈ కథే లేదు. గొంతు తగ్గించి, ముక్కుతో, మెత్తగా పిలిచింది.  పోతరాజు లాంటివాడు కూడా వాళ్లమ్మ గుర్తొచ్చి కళ్లు తుడుచుకున్నాడట. నాంచారి రెండు గుక్కలూ తాగి, కడుపు చల్లబడి, పిల్లల దగ్గరికి పోయింది.

మూడోనాడు తెల్లవారి అది గట్టు మీద మేస్తోంది. కింద బోదగడ్డిలోంచి తన గొంతు తనకే వినిపించింది.

తను పిలవలేదు. మేత నోట్లోనే ఉంది. కానీ పిలుపు తనదే. మెత్తగా, ముక్కుతో, చివర కాస్త తగ్గుతూ. చూస్తుండగానే గడ్డిలోంచి చిన్న తల ఒకటి లేచింది. చెవులు రెండూ పిలుపు వైపు తిప్పింది. లేచి నిలబడి, తోక ఆడిస్తూ, పాలకని ఉరికింది.

ఆ తరవాత గడ్డి ఊగింది. నేను అంతకన్నా చెప్పను. పసిపిల్లలు ఉన్నారు ముందు వరసలో.

వాగుకి అవతలి పక్క రెండోది పడుకుని ఉంది. అది లేవలేదు. ఆ పక్కకి పిలుపు చేరలేదో, నిద్రలో ఉందో, దేవుడు దాని చెవులు కప్పాడో. కానీ మర్నాడు ఆ పిలుపు వాగుకి అవతలి పక్క కూడా మొదలైంది. గట్టు దగ్గర ఒకసారి, చింతపొద దగ్గర ఒకసారి, గడ్డి అంచుల వెంట వెతుక్కుంటూ తిరిగింది. నాంచారి పరుగున పోయి పిల్లని మెడతో నేలకి అదిమి పెట్టింది. అది లేవబోయింది. అమ్మ పిలుస్తుంటే ఎందుకు లేవద్దంటుందో దానికేం తెలుసు?

అమ్మ గొంతు వింటే కదలకూడదని పిల్లకి నేర్పాల్సి వచ్చింది నాంచారికి. అంతకన్నా చేదు చదువు ఏ తల్లీ ఏ బిడ్డకీ చెప్పి ఉండదు. నోరు విప్పకుండా దొంగలా వెళ్లేది, పాలిచ్చేది, వచ్చేది. ఎండలకి పాలు తగ్గుతున్నాయి. పిల్ల ఆకలికి నీరసించి పోతోంది. ఇవాళ కాకపోతే రేపు, ఆకలి ఓర్వలేక, ఆ దొంగ పిలుపుకి లేస్తుంది. ఆ సంగతి నాంచారికి తెలుసు, పానకాలుకీ తెలుసు.

అప్పుడు ఆలోచించింది. తన పిలుపు గడ్డిలో తన పిల్లలు విన్నారు. గడ్డి బయట ఎక్కడ వినిపించింది? ఒక్క తోపులోనే. తోపుని చుట్టి వచ్చింది. పడమట రేగుకంపలో గడ్డి అణిగి, ఒక పడకలా ఉంది. ముక్కు పెట్టి చూస్తే చిరుత వాసన.  పానకాలు ఎవరికోసం అడిగాడో, తన పిలుపు ఎవరు నేర్చుకున్నారో అర్థమైంది.

చిట్టమ్మ దగ్గరికి పోయి చెప్పింది. నీ గుడ్లు ఎలా పోయాయో తెలుసా వదినా అంది.  నేను చెప్పడం వల్ల పోయాయంటే ఒప్పుకోలేనమ్మా, నా రాత బాగాలేక పోయాయంటే ఒప్పుకుంటాను అని చిట్టమ్మ ఎగిరిపోయింది. చెంచయ్య దగ్గరికి పోయింది. మామ అలాంటివాడు కాదు నాంచారీ, అయినా ఆ గుంట దగ్గర వాడి దయ లేకపోతే నాకు గుక్క ఎవరిస్తారు అన్నాడు. పోతరాజు దగ్గరికి పోతే ఆయన తల గోక్కున్నాడు.

"రుజువేదమ్మా? కంపలో పడక ఉంటే పానకాలు పరిచినట్టా? చూసినవాళ్లు ఉండాలి, లేదా వాడి నోటితో వాడు చెప్పాలి."

"వాడి నోటితో చెబితే?"

"చెబితే ఇంకేం కావాలి? కానీ వాడెందుకు చెబుతాడు?"

నాంచారి తల వంచుకుని వచ్చేసింది. దారిలో మాఘమాసపు పొద్దు ఒకటి గుర్తొచ్చింది దానికి. కొండ చరియన మేస్తూ, చిరుత గుహ వైపు నుంచి దిగివస్తున్న పానకాలుని చూసింది ఆ పొద్దున. వాడి నోట్లో ఏదో వేలాడుతోంది. బూడిద రంగు బొచ్చు, చిన్న తోక, తోక కొస కొడవలిలా వంగి ఉంది. చూసి, తల తిప్పుకుని, మేసింది. చిరుత పిల్ల చస్తే లేడికేం ఏడుపు?

ఆ సాయంత్రం అది తోపుకి వెళ్లింది.

పానకాలు మంచి ఊపు మీద ఉన్నాడు. అప్పటికే నాలుగు గుక్కలు పడ్డాయి. నాంచారిని చూసి, "పాపం చెల్లెమ్మ, కడుపుకోత," అన్నాడు అందరికీ వినబడేలా. "దానికి దారివ్వండి." నాంచారి కదల్లేదు. రేగుకంపకి దగ్గరగా, అటు వీపు పెట్టి నిలబడింది. వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడుతున్నా అక్కణ్ణుంచి జరగలేదు. ప్రశ్నలన్నీ అయ్యాయి. ఎవరెవరో గెలిచారు, తాగారు.

పోతరాజు లేచి, ఆవలించి, రోజూ అనే మాట అన్నాడు. "ఆఖరి ప్రశ్న తోపుది. ఎవరడుగుతారు?"

"నేను," అంది నాంచారి.

పానకాలు నవ్వాడు. "అడుగమ్మా."

"చిరుతపిల్ల కొత్తగా పుట్టినప్పుడు చూడటానికి ఎలా ఉంటుంది?"

వాడి చెవి ఒక్కసారి కంప వైపు తిరిగింది. మళ్లీ ముందుకొచ్చింది. చెప్పకపోతే బండ దిగాలి. దిగితే తోపు లేదు, తోపు లేకపోతే దొరసాని మిగిల్చే ఎముక లేదు. అయినా బడిలో చెప్పే పాఠమేగా ఇది, భయపడాల్సిందేముంది? గొంతు సవరించుకున్నాడు.

"బూడిద రంగు. మచ్చలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి సరిగ్గా తెలియవు. కళ్లు మూసుకుని పుడుతుంది. తెరిచాక కొన్నాళ్లు నీలంగా ఉంటాయి, పసుపు తరవాత వస్తుంది. చాలా?"

తోపు భలే అంది. పోతరాజు తల ఊపబోయాడు.

"తప్పు," అంది నాంచారి.

అందరూ దాని వైపు తిరిగారు. పానకాలు బండ మీద ఇంతవరకూ ఆ మాట వినలేదు.

"ఏది తప్పు?"

"అసలైంది వదిలేశావు. చిరుతపిల్లకి తోక కొస కొడవలిలా వంగి ఉంటుంది. పుట్టిన ప్రతి పిల్లకీ ఉంటుంది. మా అమ్మ చెప్పింది. నీకు తెలియకపోతే తెలియదను, దాంట్లో సిగ్గేముంది?"

"మీ అమ్మకి ఎవరు చెప్పారు?"

"తెలియదన్న మాట," అంది నాంచారి, పోతరాజు వైపు తిరిగి. "పెద్దయ్యా, వీడికి తెలియదు. బండ దించండి."

చెంచయ్య కిసుక్కున నవ్వాడు. వాడి నవ్వు అంటుకుని ఉడతలు నవ్వాయి. పైన కాకి, మామకి తెలియనిది దొరికిందర్రోయ్ అంది. పానకాలు ముఖం మాడిపోయింది. వాడు ఆకలి ఓర్చుకోగలడు, తిట్లు ఓర్చుకోగలడు. తెలియదన్న మాట మాత్రం ఓర్చుకోలేడు. ఎవరికైనా ఒక చోట ప్రాణం ఉంటుంది నాయనా. వాడిది అక్కడుంది.

"మీ అమ్మ తెలివితక్కువది," అన్నాడు బండ మీద లేచి నిలబడి. "ప్రతి పిల్లకీ ఉండటమేంటి? తోక వంకర ఒకదానికే. రెండోదాని తోక సూటిగానే ఉంది."

 లొట్టి నుంచి చుక్క పడిన చప్పుడు వినిపించింది.

పోతరాజు నెమ్మదిగా ముందుకొచ్చాడు. "ఏ రెండోదాని తోక, పానకాలూ?"

 "బడిలో... బడిలో చెప్పగా విన్నాను పెద్దయ్యా."

"ఏ బడిలో చెప్పారు, రెండోదాని తోక సంగతి?"

పానకాలు పడమటికి చూశాడు. రేగుకంప ఊగలేదు. అది చూసి వాడికి ఇంకా భయమేసింది. "దొరసానీ," అన్నాడు, ఆ మాట తోపులో ఎవరెవరు వింటున్నారో కూడా మర్చిపోయి. "దొరసానీ, నేను చూడటానికి వెళ్లేసరికే అవి..."

వాడు ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. చిరుత కంపలోంచి రావడం ఎవరూ చూడలేదు, బండ మీద ఉండటమే చూశారు. పెద్దగా ఏమీ చప్పుడు లేదు. నోరా, వీపుకి తేకే అంటారు మన పెద్దలు. వాడి నోరు వీపుతో ఊరుకోలేదు, మెడ దాకా తెచ్చింది.

పరిగెత్తాల్సినవాళ్లంతా పరిగెత్తారు. పోతరాజు మాత్రం కదల్లేదు, ముసలివాడు కదా. నాంచారీ కదల్లేదు. అడగాల్సింది ఇంకా మిగిలి ఉంది.

చిరుత నక్కని తినలేదు. బండ కిందకి జారవిడిచింది. నాంచారి వైపు తిరిగింది.

"నువ్వు చూశావా?"

"చూశానమ్మా. వాడి నోట్లో వేలాడుతున్న తోక చూశాను."

"అప్పుడే వచ్చి చెప్పలేదేం? దుమ్ములగొండి నా కాళ్లు పట్టుకుని ఒట్టు వేసింది. నేను వినలేదు."

నాంచారి తల దించుకుంది. "అప్పటికి నాకింకా కడుపుకోత తెలియదమ్మా," అంది.

 గాలి తిరిగింది. అన్నాళ్లుగా తోపుకి తెలియని వాసన అప్పుడు తోపంతా పరుచుకుంది.

"నేను గడ్డి తిని బతకలేను," అంది చిరుత.

"తెలుసు. నేను ఎదురుపడితే, పరిగెత్తలేకపోతే, నన్ను తిను. దేవుడు నిన్నలా పుట్టించాడు, నన్నిలా పుట్టించాడు. నా గొంతుతో మాత్రం నా పిల్లని ఎవరూ పిలవకూడదు. అదొక్కటే అడుగుతున్నాను."

చిరుత గుట్ట వైపు నడిచిపోయింది. గుహకి పోయే దారిలో కాదు, దుమ్ములగొండి బొరియ ఉన్న దారిలో పోయిందని పోతరాజు తరవాత చెప్పాడు. ఖాళీ బొరియ ముందు అదేం చేసిందో, చూసినవాళ్లు లేరు.

తోపులో ఇప్పటికీ ప్రశ్నలు ఉన్నాయి. వానలు వచ్చి వాగు పారినా అలవాటు పోలేదు. కానీ సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుంది, చంద్రుడి మీద మచ్చ ఏంటి, ఏనుగు ఎందుకు దూకలేదు, అలాంటివే అడుగుతారు. బండ మీద ఇప్పుడు చెంచయ్య కూర్చుంటాడు. నీ సంగతేంటి, మీ పిల్లలు ఎక్కడ పడుకుంటారు అని ఎవరైనా కొత్తవాడు అడిగితే తోపంతా ఒక్కసారి గాలి వాసన చూస్తుంది. చిట్టమ్మ మరుసటి ఏడు గుడ్లు పెట్టింది. ఎక్కడ పెట్టిందో అడిగితే ఆకాశం చూస్తుంది.

నాంచారి మళ్లీ తోపుకి రాలేదు. దాని రెండో పిల్ల బతికింది. వాగు పారే వేళకి తల్లి పక్కన నడుస్తూ కనిపించింది, బక్కచిక్కి, చెవులు పెద్దవై. తల్లి దానికి కొత్త పిలుపు ఒకటి నేర్పిందట. అది పాత పిలుపులా మెత్తగా ఉండదట. ఎలా ఉంటుందని అడక్కండి తల్లీ. నాకు తెలియదు, తెలిసినా ఇందరి మధ్య చెప్పను.

తెలిసిందంతా చెప్పేసేవాడికి తెలియనిది ఒక్కటే, వింటున్నది ఎవరన్నది.